తెర సమయానికి హద్దు గీసేదెవరు? ప్రసార వేళల నుంచి అరచేతి తెర వరకు – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

నిత్యజీవితంలో తెర ముందు గడిపే సమయాన్ని తగ్గించుకోవడం గురించి నేడు విస్తృతంగా చర్చ జరుగుతోంది. ఈ చర్చ ఎక్కువగా వైద్యం, మనస్తత్వశాస్త్రం, పిల్లల పెంపకం అనే మూడు దృక్కోణాల నుంచి సాగుతోంది. పరిష్కారంగా చెప్పేది చాలావరకు ఒక్కటే: వ్యక్తి తన్ను తాను నిగ్రహించుకోవాలి, తల్లిదండ్రులు పిల్లలను అదుపులో ఉంచాలి. నిగ్రహం కుదరనివారిది మనోబలహీనత అనే భావన దీనికి కొనసాగింపు. చరిత్రను గమనిస్తే ఈ భావన పూర్తిగా నిలవదు. తెర సమయానికి మొదటినుంచీ హద్దు ఉంది. అయితే ఆ హద్దును గీసే బాధ్యత ముందు ప్రసార సంస్థది, తర్వాత కుటుంబానిది, చివరకు ఒంటరి వ్యక్తిది అయింది. ఈ బదిలీ ఎలా జరిగిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పదం – అర్థపరిణామం:

‘స్క్రీన్ టైమ్’ అనే మాట మొదట సినిమా రంగానిది. ఒక నటుడు తెరపై కనిపించే వ్యవధిని అది సూచించేది. ప్రేక్షకుడు తెర ముందు గడిపే వ్యవధి అనే అర్థంలో తొలి వాడుకల్లో ఒకటిగా, అమెరికన్ రచయిత టామ్ ఎంగిల్‌హార్ట్ 1991లో ‘మదర్ జోన్స్’ పత్రికలో రాసిన వ్యాసాన్ని పేర్కొంటారు. కొలత తెర మీది మనిషి నుంచి తెర ముందరి మనిషికి మారడం గమనార్హం. చూసేవారి కాలాన్ని లెక్కించవలసిన అవసరం కలిగినప్పుడే దానికొక పేరు కూడా అవసరమైంది. అంతకుముందు ఆ లెక్క ప్రసార కార్యక్రమాల పట్టికలోనే ఇమిడి ఉండేది.

ప్రసార వేళలే హద్దు:

భారతదేశంలో టెలివిజన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమైంది. అప్పట్లో ప్రసారాలు వారానికి రెండు రోజులు మాత్రమే. దైనందిన ప్రసారాలు మొదలైనది 1965లో.

తెలుగు గ్రామాలకు టెలివిజన్ పరిచయమైన తీరు ఈ సందర్భంలో ప్రత్యేకంగా పరిశీలించదగినది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సాగిన ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం (సైట్) ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలను చేరింది. నాసాకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా రోజుకు నాలుగు గంటలు ప్రసారాలుండేవి. ఉదయం గంటన్నర బడిపిల్లలకు, సాయంత్రం రెండున్నర గంటలు పెద్దలకు కేటాయించారు. ఈ వ్యవధిని హిందీ, తెలుగు, కన్నడం, ఒడియా భాషలు పంచుకోవలసి వచ్చింది. కాబట్టి ఒక తెలుగు గ్రామానికి తన భాషలో దక్కింది అందులో కొంత భాగమే. టెలివిజన్ సెట్టు ఎవరి ఇంటిలోనూ లేదు. అది ఊరందరిదీ. జనం ఒకచోట చేరి చూసి, ప్రసారం ముగియగానే ఇళ్లకు వెళ్లేవారు.

1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైన తర్వాత కూడా ప్రసారాలు ప్రధానంగా సాయంత్రానికే పరిమితమయ్యాయి. 1982లో జాతీయ కార్యక్రమాలు, రంగుల ప్రసారాలు వచ్చాయి. 1987 జనవరి నుంచి 1988 జులై వరకు ఆదివారం ఉదయం ప్రసారమైన ‘రామాయణ్’ ధారావాహికను చూడటానికి వీధులు నిర్మానుష్యమయ్యేవన్నది ప్రసిద్ధమే. ఆకర్షణలో అది నేటి ఏ కార్యక్రమానికీ తీసిపోదు. కానీ ఆ భాగం ముగిశాక తరువాతి భాగం కోసం వారం రోజులు ఆగవలసిందే. చూడాలనే కోరికకు హద్దు లేకపోయినా చూడగలిగే సమయానికి హద్దు ఉండేది.

ఇతర దేశాల అనుభవం:

ఈ హద్దులన్నీ సాంకేతిక పరిమితుల వల్ల ఏర్పడినవే కావు. కొన్ని దేశాల్లో అవి ఉద్దేశపూర్వకంగా పెట్టుకున్న సామాజిక నియమాలు. బ్రిటన్‌లో సాయంత్రం ఆరు నుంచి ఏడు గంటల వరకు ప్రసారాలు నిలిపివేసే ఏర్పాటు 1957 ఫిబ్రవరి వరకు కొనసాగింది. పసిపిల్లలను నిద్రపుచ్చడానికి తల్లిదండ్రులకు వీలు కల్పించడం దాని లక్ష్యం. ఐస్‌లాండ్ ప్రభుత్వ టెలివిజన్ 1966లో ప్రారంభమైంది. అది గురువారాల్లో ప్రసారాలు చేసేది కాదు. 1983 వరకు జులై నెల మొత్తం విరామమే. గురువారపు విరామం 1987లో ముగిసింది.

ఈ రెండు నియమాల ముగింపులోనూ ఒక పోలిక కనిపిస్తుంది. బ్రిటన్‌లో 1955లో వాణిజ్య టెలివిజన్ వచ్చింది. ఖాళీగా ఉన్న ఆ గంట ప్రకటనల ఆదాయానికి నష్టంగా కనిపించింది. ఐస్‌లాండ్‌లో 1986లో ప్రైవేటు చానల్ ప్రారంభమైన మరుసటి ఏడాదే గురువారపు విరామం పోయింది. విరామం అక్కర్లేదని ప్రేక్షకులు నిర్ణయించుకోవడం కంటే, ప్రేక్షకుల సమయం కోసం పోటీ మొదలుకావడమే ఈ మార్పులో ప్రధాన పాత్ర వహించిందని చెప్పవచ్చు.

హద్దు ఇంటికి చేరడం:

మన దేశంలోనూ అదే క్రమం కనిపిస్తుంది. 1987లో ఉదయం ప్రసారాలు, 1989లో మధ్యాహ్న ప్రసారాలు మొదలయ్యాయి. 1991 నుంచి ఉపగ్రహ చానళ్లు, కేబుల్ కనెక్షన్లు విస్తరించాయి. 1995లో జెమిని, ఈటీవీ తెలుగు ప్రేక్షకుల ముందుకు వచ్చాయి. కాలక్రమంలో ప్రసారం ఇరవైనాలుగు గంటలకు విస్తరించడంతో ‘ఈనాటి కార్యక్రమాలు ఇంతటితో సమాప్తం’ అని చెప్పేవారు లేకపోయారు. టీవీ కట్టేయవలసిన పని ఇంట్లోని ఒకరిపై పడింది. పరీక్షల కాలంలో కేబుల్ కనెక్షన్ తీయించడం, రిమోట్ దాచిపెట్టడం మధ్యతరగతి కుటుంబాల్లో పరిపాటి అయింది. ఈ కాపలా పని ఎక్కువగా తల్లుల వంతుకు వచ్చింది. గతంలో సంస్థ చేసిన పనిని ఇప్పుడు తల్లి చేయవలసి వచ్చింది. అయినా ఆ శ్రమ శ్రమగా గుర్తింపు పొందలేదు. అది గొడవగా, సాధింపుగా మాత్రమే కనిపించింది.

హద్దు అరచేతికి చేరడం:

2006లో ఏజా రాస్కిన్ రూపొందించిన అంతులేని స్క్రోల్ విధానం పుటకు అడుగు అనేదే లేకుండా చేసింది. దాని పర్యవసానాల పట్ల ఆయనే తర్వాత బహిరంగంగా విచారం వ్యక్తం చేశారు. 2016 సెప్టెంబరులో జియో రాకతో మొబైల్ డేటా చౌక కావడం వల్ల తెర ఇంటి ఉమ్మడి వస్తువుగా ఉన్న స్థితి నుంచి ఒక్కొక్కరి సొంత వస్తువుగా మారింది. 2018లో ఆపిల్, గూగుల్ సంస్థలు వాడుక సమయాన్ని లెక్కించి చూపే సదుపాయాలను ఫోన్లలో చేర్చాయి. తెరను అందించే సంస్థే హద్దు గీసే పనిముట్టును కూడా వినియోగదారుడి చేతికి ఇచ్చింది. గీయవలసిన బాధ్యత మాత్రం పూర్తిగా అతనిదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన మార్గదర్శకాలు ఏడాది లోపు శిశువులకు తెర అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంటకు మించరాదని సూచించాయి. మరుసటి ఏడాదే కోవిడ్ వల్ల చదువు తెర మీదికి వచ్చింది. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. కేంద్ర విద్యాశాఖ 2020 జులైలో ప్రకటించిన ‘ప్రజ్ఞాత’ మార్గదర్శకాలు ఆన్‌లైన్ తరగతులకు వ్యవధిని నిర్ణయించాయి: పూర్వప్రాథమిక స్థాయికి రోజుకు 30 నిమిషాలు, ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు 30–45 నిమిషాల చొప్పున రెండు విభాగాలు. హద్దును తిరిగి ఒక సంస్థ గీసిన అరుదైన సందర్భమిది. అయితే అది తరగతి సమయానికే వర్తించింది. తరగతి ముగిశాక ఫోను పిల్లల చేతిలోనే ఉండిపోయింది.

ఉమ్మడి హద్దు – వడ్‌గావ్ ఉదాహరణ:

మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ గ్రామస్థులు 2022 ఆగస్టులో ఒక నిర్ణయం తీసుకున్నారు. సాయంత్రం ఏడు గంటలకు ఊరిలో సైరన్ మోగుతుంది. గంటన్నరపాటు టీవీలు, ఫోన్లు పక్కన పెట్టాలి. ఆ సమయంలో పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. కోవిడ్ కాలంలో పిల్లలకు అలవాటైన ఫోను ఈ నిర్ణయానికి నేపథ్యం. ఇక్కడ వ్యవధి కంటే అది అందరికీ ఒకేసారి వర్తించడమే ముఖ్యం. పక్కింట్లో టీవీ నడుస్తుండగా తమ పిల్లవాణ్ని ఆపడం ఒక తల్లికి కష్టం. ఊరంతా ఆగినప్పుడు ఆపవలసిన అవసరమే ఆమెకు తగ్గుతుంది. ఒకనాడు ప్రసార ముగింపు చేసిన పనిని ఇక్కడ సైరన్ చేస్తోంది.

ముగింపు:

ఈ పరిశీలనను గతకాలపు గుణగానంగా భావించరాదు. 1959–1991 మధ్య మన దేశంలో తెరకు ఉన్న హద్దులు చాలావరకు కొరత వల్ల, ప్రభుత్వ గుత్తాధిపత్యం వల్ల ఏర్పడినవి. సైట్ ప్రయోగం సాగిన సంవత్సరం అత్యవసర పరిస్థితి కాలంలోనిదే. ఎంతసేపు చూడాలో నిర్ణయించిన వ్యవస్థే ఏమి చూడాలో కూడా నిర్ణయించింది. ఆ ఏర్పాటు తిరిగి రావాలని కోరుకోలేము.

కానీ ఆ చరిత్ర ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. గత తరాలవారు తెర ముందు తక్కువ సమయం గడపడానికి వారి నిగ్రహం మనకంటే గొప్పది కావడం కారణం కాదు. ఆగవలసిన చోటును మరొకరు నిర్ణయించి ఉంచారు. కాబట్టి ఆగలేకపోతున్న విద్యార్థినో, ఆపలేకపోతున్న తల్లినో మాత్రమే దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఇల్లు, హాస్టల్, కళాశాల, గ్రామం – వీటిలో ప్రతిదీ తన సభ్యులు కలిసి ఒప్పుకొన్న విరామ వేళను ఏర్పరచుకోగలదు. పైనుంచి విధించినది కాక, కలిసి నిర్ణయించుకున్న హద్దు కావడమే దానికీ పాత ప్రసార వేళలకూ ఉండవలసిన తేడా. తెలుగు ప్రాంతాల్లో టెలివిజన్ వీక్షణ చరిత్రను ప్రేక్షకుల జ్ఞాపకాల ఆధారంగా నమోదు చేయడానికి పరిశోధకులు పూనుకుంటే, అటువంటి ఉమ్మడి హద్దులు ఇక్కడ ఏ రూపాల్లో ఉండేవో, ఎలా చెదిరిపోయాయో మరింత స్పష్టమవుతుంది. సైట్ సెట్ల ముందు కూర్చున్న నాటి బడిపిల్లలు నేడు అరవై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నారు. ఆ జ్ఞాపకాలను సేకరించవలసిన సమయం ఇదే.