ఒకే పేరు, ఎన్నో గుల్లలు

1872 డిసెంబరులో ఇంగ్లండు నుండి బయలుదేరిన ఛాలెంజర్ నౌక 1876 మే నెలలో తిరిగివచ్చే నాటికి 362 చోట్ల సముద్రాన్ని పరిశీలించింది. అడుగు నుండి తోడితెచ్చిన బురదను జల్లించినప్పుడు ఆస్ట్రకాడ్ల గుల్లలు బయటపడ్డాయి. ఇవి రొయ్యకూ పీతకూ దూరపు చుట్టాలే కాని, చూపుకు మాత్రం రెండు చిప్పల ఆల్చిప్పలా ఉంటాయి. చాలావాటి పొడవు మిల్లీమీటరు లోపే.

వీటిని వర్గీకరించే పని జార్జ్ స్టూవర్డ్‌సన్ బ్రేడీకి అప్పగించారు. ఆయన సండర్లాండ్‌లో వైద్యం చేస్తూ, న్యూకాసిల్ కళాశాలలో ప్రకృతిశాస్త్రం బోధించేవాడు. (తమ్ముడు హెన్రీ అదే నౌక తెచ్చిన ఫొరామినిఫెరాల మీద పనిచేశాడు. సూక్ష్మదర్శిని ఆ ఇంటి వ్యసనం కాబోలు!) 1880లో వెలువడిన బ్రేడీ నివేదికను ఈ రంగంలోని వారు నేటికీ తిరగవేయక తప్పదు.

అయితే లోతు నుండి దొరికినవి ఎక్కువగా ఖాళీ గుల్లలు. కాళ్ళు, జననాంగాలు ఉంటే జాతి నిర్ణయం కొంత సులభం. అవి లేనప్పుడు గుల్ల ఆకారం, పైనున్న గళ్ళ అల్లిక, కీలు దగ్గరి పళ్ళు, కండరాలు అతుక్కున్న గుర్తులు మాత్రమే ఆధారం. పైగా ఈ జీవి ఎదుగుతూ ఎనిమిదిసార్ల దాకా గుల్ల విడుస్తుంది. ఆడ, మగ గుల్లలకూ తేడా ఉంటుంది. మనిషిని చూపకుండా ఎముకను చేతికిచ్చి వయసు, లింగం చెప్పమంటే వైద్యుడు పడే అవస్థే ఇదీను.

బ్రేడీ వలలాంటి అల్లిక ఉన్న గుల్లలను వేర్వేరు సముద్రాల నుండి తెచ్చి ‘సైథెరె డిక్టియాన్’ అనే ఒకే పేరు కింద చేర్చాడు. గ్రీకులో డిక్టియాన్ అంటే వల. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని లేని రోజుల్లో అంతకు మించి ఆశించడం అన్యాయం. 1972లో స్మిత్సోనియన్‌కు చెందిన రిచర్డ్ బెన్సన్ ఇలాంటి గుల్లల అల్లికను గడి గడిగా పోల్చి, పైకి ఒకేలా కనిపించేవి వేర్వేరు వంశాలవని తేల్చాడు. అగ్రెనోసైథెరె, పొసైడొనామికస్ అనే రెండు కొత్త ప్రజాతులను నెలకొల్పాడు. 1976లో పురి, హ్యూలింగ్స్ ఛాలెంజర్ నమూనాలను మళ్ళీ తీసి, బ్రేడీ పెట్టిన పేర్లలో అనేకానికి ఒక్కొక్క గుల్లను ప్రామాణిక నమూనాగా నిర్ణయించారు.

ఇది కేవలం పేర్ల తగాదా కాదు. అగ్రెనోసైథెరె చల్లని లోతు నీటి జీవి. దక్షిణ ఇటలీ శిలల్లో దాని శిలాజాలు దొరికాయి. అంటే ఒకప్పుడు అట్లాంటిక్ నుండి చల్లని లోతు నీరు మధ్యధరాలోకి ప్రవేశించేదని బెన్సన్ వాదన. గుల్లకు తప్పు పేరు పెడితే సముద్రపు లోతూ, చలీ తప్పుగా లెక్కకు వస్తాయి. నేడు మధ్యధరా అడుగున నీరు సుమారు 13 డిగ్రీలు. అగ్రెనోసైథెరె అక్కడ లేదు.