చదరంగం గళ్ళలో ప్రధాన సంఖ్యలు

ఇవాళ కాస్త లెక్కల కబుర్లు చెప్పుకుందాం. భయపడకండి, పరీక్ష పెట్టను!

చదరంగం బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు... ఇలా రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని? 18446744073709551615. ఈ ఇరవై అంకెల్నీ ఇమిడ్చిన తెలుగు పద్యం ఒకటి పావులూరి మల్లన పేరిట ప్రచారంలో ఉంది. మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని తెనిగించిన కవి ఆయన. పద్యంలో చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే సున్న. పైగా ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి చదువుకోవాలి. ఇక్కడ కువైట్ లో మన పిల్లలు బళ్ళో ఇంగ్లీషు అంకెలు, వీధి బోర్డుల మీద అరబ్బీ అంకెలు చూస్తూ పెరుగుతున్నారు. వేదాలు నాలుగని మనం చెప్పకపోతే, ఆ పద్యం వాళ్ళకి ఉత్త మాటల మూటే.

ఇందులో ప్రధాన సంఖ్య ఎక్కడుందీ అంటారా? మల్లన గారి సంఖ్య ప్రధాన సంఖ్య కాదు. 3, 5, 17, 257, 641, 65537, 6700417 - ఈ ఏడింటినీ గుణిస్తే అదే వస్తుంది. 641, 6700417ల లబ్ధం 4294967297. దాన్ని ప్రధాన సంఖ్య అనుకున్నవాడు సాక్షాత్తూ ఫెర్మా! కాదని 1732లో ఆయిలర్ తేల్చాడు.

అన్ని గళ్ళూ నింపకుండా మధ్యలో ఆగితే మాత్రం తమాషాగా ఉంటుంది. 2, 3, 5, 7, 13, 17, 19, 31, 61 - ఈ తొమ్మిది గళ్ళ దగ్గర ఆగితే అక్కడిదాకా వచ్చిన మొత్తం ప్రధాన సంఖ్య. 31 దగ్గర వచ్చేది 2147483647. నాలాంటి ప్రోగ్రాములు రాసేవాళ్ళకి ఇది బాగా పరిచయం, 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద విలువ అదే. అది ప్రధాన సంఖ్యేనని 1772లో ఆయిలరే చూపించాడు. మెర్సెన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లో ఇలాంటివాటికి జాబితా వేస్తూ 61ని వదిలేసి, 67ని చేర్చాడు. 61 సంగతి 1883లో పెర్వూషిన్ అనే రష్యన్ మతగురువు తేల్చాడు. 67 తప్పని 1903లో కోల్ కారణాంకాలతో సహా చూపించాడు.

మన పక్కనే ఉన్న బస్రాలో పుట్టిన ఇబ్న్ అల్ హైతం ఇంకో పరీక్ష వాడాడు. ఇది వెయ్యేళ్ళ నాటి మాట. 7 ఉందనుకోండి. 1 నుంచి 6 దాకా గుణిస్తే 720. ఒకటి కలిపితే 721, ఏడుతో నిశ్శేషంగా పోతుంది. ప్రధాన సంఖ్యలన్నిటికీ ఇంతే. దీన్ని 1771లో లగ్రాంజ్ నిరూపించాడు. లోకం మాత్రం విల్సన్ పేరు పెట్టుకుంది!

2024 అక్టోబర్ లో దొరికిన ప్రధాన సంఖ్య కూడా ఈ రెట్టింపుల జాతిదే. గళ్ళు 136279841, అంకెలు 4 కోట్ల 10 లక్షల పైచిలుకు.

ఈ శుక్రవారం పిల్లల చేత 11వ గడి దాకా కూడించండి, 2047 వస్తుంది. 11 ప్రధాన సంఖ్యే కదా, మరి 2047 సంగతేమిటి? 23తో భాగించి చూడమనండి.