కలకత్తాలో చిల్లుల కార్డుల కాలం

భారతదేశపు తొలి డిజిటల్ కంప్యూటర్ హెచ్‌ఈసీ-2ఎం 1950ల నడుమ కలకత్తా చేరింది. మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ దానికి నెలవు. ఆ బ్రిటిష్ యంత్రానికి కంపైలర్ లేదు. ఆదేశాలన్నీ యంత్రభాషలోనే ఇవ్వాలి. 1964లో అక్కడికే ఐబీఎం 1401 వచ్చింది.

ఆ తరంలో ప్రోగ్రామ్ అంటే చిల్లులు పొడిచిన కార్డుల కట్ట. కార్డుకు 80 గడులు. ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో తొలి 5 గడులు వాక్య సంఖ్యకు, 7 నుంచి 72 దాకా వాక్యానికి. 6వ గడిలో సున్నా కాక మరే గుర్తు పడినా ఆ కార్డు ముందు కార్డుకు కొనసాగింపే. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. 'రీడ్' అనే ఇంగ్లిష్ మాట ఒక్క గడి ఎడమకు జరిగితే 'ఆర్' కొనసాగింపు గుర్తయిపోతుంది, మిగిలిన మూడక్షరాలూ ముందు వాక్యానికి అతుక్కుంటాయి. కంటికి మాత్రం అంతా సవ్యంగానే కనిపిస్తుంది! మనిషి అర్థం చూసి చదువుతాడు, యంత్రం చోటు చూసి చదువుతుంది. ఈ తడబాటును అజాగ్రత్త అనడం అన్యాయం.

సున్నాకూ 'ఓ' అక్షరానికీ తికమక రాకుండా ఒకదానికి అడ్డగీత కొట్టేవారు. గడులు అచ్చువేసిన కోడింగ్ షీట్లు మరికొంత ఆదుకున్నాయి. గడుల లెక్క లేకుండా రాసే వీలు ఫోర్‌ట్రాన్ ప్రమాణంలోకి వచ్చింది ఫోర్‌ట్రాన్ 90తోనే.