రానివాళ్ళ పుస్తకం

పొద్దున్నే మీ నాన్న వేలి మీద చటుక్కున పొడుచుకుని, ఆ చిన్న మిషన్లో అంకె చూసుకుని, కాఫీలో పంచదార వెయ్యాలో వద్దో తేల్చుకుంటాడు కదా! మా రోజుల్లో అదంత సుళువు కాదు నాన్నా. ఇలా కుంపటి దగ్గరికి జరుగు, చెబుతాను. ఆ ఫోను అవతల పెట్టు, అదెక్కడికీ పారిపోదు.

అప్పట్లో షుగరంటే డబ్బున్నవాళ్ళ జబ్బని పేరు. షావుకార్లూ పెద్ద రైతులూ సర్కారు ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసు వెళ్ళి చూపించుకునేవారు. అక్కడ స్టాన్లీ ఆసుపత్రిలో విశ్వనాథన్ గారని పెద్ద డాక్టరు 1948లోనే చక్కెర జబ్బుకి విడిగా క్లినిక్కు పెట్టారు. తిరిగొస్తూ మందులతోపాటు కాఫీ గింజలు కూడా తెచ్చుకునేవారు. ఆ కాఫీలోకి రెండు చెంచాల పంచదార! కూలీనాలీ చేసుకునేవాళ్ళకైతే జబ్బున్నట్టే తెలిసేది కాదు. ఒంటికి పోసినచోట చీమలు పడితే అతిమూత్రం అనుకుని నేరేడు గింజల పొడి మింగేవారు.

కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడాది, 1983లో, సిస్టరమ్మ మన తాలూకా ఆసుపత్రికి బదిలీ మీద వచ్చింది. అప్పటికింకా మండలాలు లేవు. ఆసుపత్రి ఎదురుగా హోటల్లో అర్ధరూపాయికి కాఫీ ఇచ్చేవాడు, ఇత్తడి గ్లాసులో, పొగలు కక్కుతూ... సరేలే, హోటల్లోకి దూరితే రాత్రికి గానీ బయటికి రాను. ఆసుపత్రికే వద్దాం.

మేం మొగుడి పేరు నోటితో చెప్పేవాళ్ళం కాదు. చీటీ రాయించుకోవాలంటే పక్కింటి కుర్రాణ్ణి వెంటబెట్టుకు వెళ్ళాలి. నవ్వకు, మీ అమ్మమ్మా అంతే! సిస్టరమ్మ విసుక్కోలేదు. "పేరు వద్దులే అమ్మా, ఇల్లెక్కడో చెప్పు," అనేది. రావిచెట్టు పక్క పెంకుటిల్లు, కాలవ గట్టు మీద రెండో పాక, అలా గుర్తులు రాసుకునేది. ఆ గుర్తులు ఎందుకు పనికొచ్చాయో తరవాత చెబుతాను.

గురువారం గురువారం షుగరు వాళ్ళని రమ్మనేది. గాజు నాళికలో ఐదు మిల్లీలీటర్ల బెనిడిక్ట్ ద్రావకం పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి స్పిరిట్ దీపం మీద కాచేది. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు, నారింజ... ఇటుకరంగు తేలిందంటే మరీ ఎక్కువన్నమాట. అంకెలు రానివాళ్ళకి నాళిక చేతికిచ్చి రంగు చూపించేది. నూతి దగ్గర ఆడవాళ్ళం "మా ఆయనకి ఈ వారం ఆకుపచ్చ" అంటే "మా ఆయనకింకా పసుపే" అని చెప్పుకునేవాళ్ళం.

మగవాళ్ళ తెలివి వినాలి. ఆరు రోజులు బొబ్బట్లు లాగించి, బుధవారం పస్తుండి గురువారం నీలం చూపించేవారు. లంఖణం పరమౌషధం అంటారుగా! అలాగే ఒకాయన ఇన్సులిన్ సూది చేసుకుని, అన్నం మానేసి వచ్చాడు. వసారాలోనే చెమటలు పట్టి వణికిపోయాడు. సిస్టరమ్మ పరుగున వచ్చి పంచదార నీళ్ళు తాగించింది. షుగరు మనిషికి పంచదార పోస్తోందేమిటని అందరం నోళ్ళు తెరిచాం. కాసేపటికి ఆయన లేచి కూర్చున్నాడు. సూది వేసుకున్నవాడు పస్తుంటే నెత్తుట్లో చక్కెర మరీ పడిపోతుందని ఆవేళ అర్థమైంది. ఆ తరవాత ప్రతి చొక్కా జేబులో పటికబెల్లం పలుకు ఉండాల్సిందేనంది.

మీ తాతగారికి సూది వెయ్యడం నాకు బత్తాయి కాయ మీద నేర్పింది. గాజు సిరంజి మరగబెట్టడం, నలభై యూనిట్ల మందుకి నలభై గీతల సిరంజే వాడడం అన్నీ దగ్గర కూర్చుని చూపించింది. ఫ్రిజ్జులెక్కడివి? తడి ఇసుక పోసిన పెద్ద కుండలో చిన్న ముంత దించి, అందులో సీసా పెట్టి, పైన తడిగుడ్డ కప్పమంది. రోహిణి ఎండల్లో కూడా మందు చల్లగానే ఉండేది.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. వరి చేసేవాడు అడుసు తొక్కకపోతే ఎలా? అందుకని ఆవిడ తొక్కొద్దనలేదు. ఇంటికొచ్చాక కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, దీపం దగ్గర అరికాలు చూసుకోమంది. ముల్లు గుచ్చుకున్నా తెలియని కాళ్ళకి చిన్న పుండే చాలునని చెప్పింది. మొగుడి కాళ్ళకి దణ్ణం పెట్టడం మాకు వచ్చు, అరికాలు తిప్పి చూడడం ఆవిడ నేర్పింది. మీ తాతగారి బొటనవేలి కింద బొబ్బ అలాగే కనబడింది. వేలు పోకుండా దక్కింది.

ఇక గుర్తుల సంగతి. ఆవిడ దగ్గరో పొడుగాటి చిట్టా పుస్తకం ఉండేది. వచ్చినవాళ్ళ లెక్క ఆసుపత్రి రిజిస్టర్లో, రానివాళ్ళది ఇందులో. గురువారం ఎవరు రాకపోతే శుక్రవారం సాయంత్రం వాళ్ళ గుమ్మంలో ఉండేది. సూది మొదలెడితే చచ్చేదాకా వదలదని భయపడినవాళ్ళూ, చేతిలో బస్సు డబ్బుల్లేనివాళ్ళూ, కోడలికి చెప్పడానికి సిగ్గుపడిన అత్తగార్లూ అక్కడే తేలారు. మీ తాతగారు రెండు వారాలు ఎగ్గొట్టి, ఆవిడ వస్తోందని తెలిసి దొడ్డిదారిన జారుకోబోయారు. ఆవిడ దొడ్డిగుమ్మం దగ్గరే నిలబడి ఉంది! "నమస్కారం బాబుగారూ, చేలోకా? పదండి, నేనూ అటే," అంది.

చక్కెర జబ్బుకీ గుండెజబ్బుకీ పక్షవాతానికీ కేన్సరుకీ కలిపి కేంద్రం జాతీయ కార్యక్రమం పెట్టింది 2010లో. అప్పటికి సిస్టరమ్మ ఉద్యోగం చివరికొచ్చింది. జీతం పెంచమనీ పతకం ఇవ్వమనీ ఎవర్నీ అడగలేదు. వెళ్ళేముందు ఆ పుస్తకం తెచ్చి, తను తయారుచేసిన నర్సుపిల్ల చేతిలో పెట్టింది. ఆ పిల్ల ఇప్పుడు పేర్లు ఫోనులో రాసుకుంటుందట. శుక్రవారం నడక మాత్రం మానలేదు.

వచ్చే ఆదివారం ఆవిడకి సన్మానం చేస్తున్నారు. మన ఇంటి తరఫున నువ్వు మాట్లాడు. పెద్ద పెద్ద మాటలు వద్దు నాన్నా, ఆవిడకి గిట్టవు. ఆ పుస్తకంలో మన ఇంటి గుర్తు ఏమని రాసుకుందో చెప్పు: "నూతి పక్క డాబా. కుక్క కరవదు. పెద్దాయన దొడ్డిదారి."