మంజీర గట్టు నుంచి లోతు కడలి దాకా: మెత్తని ఎర కథ



కల్హేరులో కూర్చుని సముద్రపు గాలాన్ని గురించి చెప్పుకోవడమేమిటని మీరు నవ్వవచ్చు. సముద్రం మనకు ఎన్నో ఆమడల దూరం. నిజమే. కాని మన పొలాల మీద కురిసిన వాన వాగుల్లో పడి మంజీరకు చేరుతున్నది. ఆ మంజీర నిజాంసాగరులో కొంత ఆగి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తున్నది. గోదావరి పోయి సముద్రంలో పడుతున్నది. నీరు ఇక్కడి నుంచి అక్కడికి పోతూ ఉంటే, అక్కడి గాలం ఇక్కడికి రాకుండా ఉంటుందా? సముద్రపు లోతుల్లో వాడే రబ్బరు చేప, రబ్బరు పురుగు ఈనాడు మన చెరువుగట్ల మీదికి కూడా వచ్చాయి. దుకాణంలో రంగురంగులుగా వేలాడుతుంటే పడుచువాళ్ల చెయ్యి జేబులోకి పోతుంది. అందుచేత అది ఎక్కడ పుట్టింది, ఎందుకు పుట్టింది, ఎట్లా వాడాలి అన్నది నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మీరు విత్తనం కొనేముందు ఏం చూస్తారు? సంచీ మీది బొమ్మ చూడరు గదా! నేల నల్లరేగడా, చెల్కా అని చూస్తారు. గాలం సంగతీ అంతే. మొదట నీటిని చూడాలి, తరువాత చేపను, ఆ తరువాతనే ఎరను.

ఈ మాట కొత్తది కాదు. మనకు పడమటగా కల్యాణ నగరం ఉన్నది. దానినే ఇప్పుడు బసవకల్యాణ్ అంటున్నారు. అక్కడ రాజ్యమేలిన చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో 'మానసోల్లాసం' అనే పెద్ద గ్రంథం రాశాడు. రాజుగారు రాసిన పుస్తకంలో మత్స్యవినోదం, అంటే గాలం వేసే విద్య, ఒక అధ్యాయం! పొలుసున్న చేపలేవి, పొలుసులేనివేవి, నదివేవి, సముద్రానివేవి అని విడదీసి, దేనికి ఏ మేత వెయ్యాలో అందులో చెప్పాడు. జంతుశాస్త్రవేత్త డాక్టర్ సుందర్‌లాల్ హోరా 1951లో ఈ అధ్యాయాన్ని వెలికితీసి పండితలోకానికి చూపించారు. మన పొరుగున ఏలిన రాజు ఎనిమిదివందల తొంభై ఏళ్ల కిందటనే చేపను బట్టి ఎర అన్నాడు. మన బెస్తవారూ, ముదిరాజులూ ఏ పుస్తకమూ చదవకుండానే ఆ పని చేస్తూ వచ్చారు.

ఇక గాలం వయస్సు ఇంకా పెద్దది. జపాను దేశపు ఒకినావా దీవిలో ఒక గుహను తవ్వితే, గవ్వపెంకును అరగదీసి చేసిన గాలాలు దొరికాయి. వాటి వయస్సు సుమారు 23,000 సంవత్సరాలు. తరువాతి కాలంలో పసిఫిక్ దీవులవారు ముత్యపు చిప్పను చిన్న చేప ఆకారంగా చెక్కి, తోకకు నారో ఈకలో కట్టి, పడవ వెంట ఈడ్చేవారు. ఆ మెరుపు చూసి సూర చేపలు వచ్చి పడేవి. ఎర్ర గుచ్చనక్కరలేదు, చేపముక్క పెట్టనక్కరలేదు. దొంగ ఎర అక్కడ అంత పాతది.

అయితే చిప్పకు ఒక లోపమున్నది. అది గట్టిది. చేప నోటికి గట్టిదనం తెలియగానే ఉమ్మివేస్తుంది. మెత్తగా ఉంటే ఇంకో క్షణం నోట్లో ఉంచుకుంటుంది. ఆ ఒక్క క్షణమే జాలరికి కావలసినది. మెత్తని ఎర కోసం వెదకడం వెనుక ఉన్న కారణం ఇదే.

రబ్బరును గంధకంతో కాచి నిలకడగా ఉండేటట్లు చేసే విధానం అమెరికాలో ఛార్లెస్ గుడియర్ 1839లో కనిపెట్టాడు. ఆ తరువాత రబ్బరు ఎరలు వచ్చాయి గాని, అవి బిరుసుగా ఉండేవి. 1949లో ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ఊరిలో నిక్ క్రీమ్ అనే ఆయనా, ఆయన భార్యా తమ ఇంటిలోనే వినైల్ ప్లాస్టిక్‌ను కరగించి అచ్చులో పోసి మెత్తని వానపామును చేశారు. అది మంచినీటి చెరువులకోసం చేసినది. సముద్రం మీది వాళ్లు దానిని పెంచి, పాముచేపగానూ, స్క్విడ్ రూపంగానూ మార్చుకున్నారు. చెరువులో పుట్టినది కడలికి పోయింది. ఇప్పుడు మళ్లీ చెరువుకు వచ్చింది.

మన తెలుగు తీరం చూడండి. విశాఖపట్నం, పూడిమడక వైపు మత్స్యకారులు ఒకప్పుడు తెప్పల మీద, ఇప్పుడు ఇంజను బిగించిన ఫైబరు పడవల మీద లోతునీటికి పోయి సూరకూ, కోనాముకూ గాలం వేస్తారు. కవ్వళ్లు, కానాగంతలు, స్క్విడ్ ఎరగా పెడతారు. పచ్చి ఎరకు వాసన ఉంటుంది, అది దాని బలం. కాని త్వరగా చెడిపోతుంది, చిన్నచేపలు కొరుక్కుపోతాయి, ఐసుకు ఖర్చు. రబ్బరు ఎర చెడదు, కాని వాసన లేదు. అందుకని లోతునీటిలో రబ్బరు ఎర గాలానికి వేలెడు చేపముక్క కూడా గుచ్చడం తెలివైన పని.

ఇక ఎంచుకునే విధం. మొదటిది వెలుతురు. నీటిలోకి దిగినకొద్దీ ఎరుపు ముందుగా మాసిపోతుంది. పదిహేను, ఇరవై మీటర్లలోనే ఎర్రని ఎర నల్లగా కనబడుతుంది. నీలం చాలా లోతుకు పోతుంది. 200 మీటర్లు దాటితే పట్టపగలు కూడా ఇంచుమించు చీకటే. కాబట్టి దుకాణంలో కంటికి నచ్చిన ఎరుపుకు లోతులో విలువ లేదు. అక్కడ తెలుపు, లేదా టార్చి చూపితే చీకట్లో మిణుకుమనే రకం పనికివస్తుంది.

రెండవది బరువు. ఎర అడుగుకు చేరకపోతే ఎంత మంచిదైనా వృథా. మీటరు లోతుకు రెండు గ్రాముల సీసం అనే లెక్కతో మొదలుపెట్టి చూడవచ్చు. తంగూసు నిట్టనిలువుగా కాక ఏటవాలుగా పోతూ ఉంటే నీటి ఒరవడి ఎక్కువగా ఉన్నదన్నమాట. అప్పుడు బరువు పెంచాలి.

మూడవది ఆకారం. తెడ్డు వంటి తోక నీటిని కొట్టి అదురు పుట్టిస్తుంది. చీకట్లో చేప ఆ అదురును ఒంటితో కనిపెడుతుంది. మరీ మెత్తని రబ్బరు లోతులో చిన్నచేపల పళ్లకు నిలవదు, కాస్త సాగి నిలిచే రకం తీసుకోవాలి. ఒక హెచ్చరిక: వేరువేరు రకాల ప్లాస్టిక్ ఎరలను ఒకే డబ్బాలో కలిపి పెడితే కొన్ని ఒకదానికొకటి అంటుకుని కరిగిపోతాయి.

కట్టే పద్ధతి వినండి. సీసపు తల గల గాలాన్ని ఎర పక్కన పెట్టి, మొన ఎక్కడ బయటికి రావాలో ముందు గుర్తు పెట్టుకోండి. ముక్కు మధ్యన గుచ్చి, నడిమిగుండా తిన్నగా నడిపి, ఆ గుర్తు దగ్గర వీపున మొన తేల్చండి. దబ్బనంతో గోనెసంచీ కుట్టినంత శ్రద్ధ కావాలి. ఎర వంకరగా ఎక్కితే నీటిలో గిరగిర తిరుగుతుంది, తంగూసు మెలిపడుతుంది, చేప దగ్గరికి రాదు. ఎర జానెడుకు మించితే తోక వైపు ఇంకొక చిన్న గాలాన్ని గట్టిదారంతో కట్టాలి, లేకపోతే చేప తోక కొరికి పోతుంది. గాలానికి పైన ఒక బారెడు దళసరి తంగూసు, దానికి పైన తిరుగుడు కడియం ఉండాలి. కోనాం పళ్లు తంగూసును కోస్తాయి గనుక దానికి ఉక్కుతీగ కావాలి. ముడి బిగించేముందు తడపడం మరువకండి, పొడిగా బిగిస్తే వేడికి దారం బలం పోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. దారాన్ని ఎన్నడూ చేతికి చుట్టుకోరాదు. 2025లో అనకాపల్లి తీరాన గాలానికి పడిన పెద్ద కొమ్ముకోనాం లాగడంతో ఒక మత్స్యకారుడు పడవ నుంచి సముద్రంలో పడి గల్లంతయ్యాడు. చేప పోతే మళ్లీ దొరుకుతుంది. పడవలో చేతికందేచోట కత్తి ఉండాలి, దారం కోయడానికి మనస్సూ ఉండాలి.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. నిజాంసాగరు కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ నీటిలోనూ, మన చెరువుల్లోనూ బొచ్చె, రవ్వ ఉన్నాయి. బొచ్చె నీటిలోని కంటికానని సూక్ష్మజీవులను తింటుంది. దానిముందు నూరు రూపాయల రబ్బరు చేపను ఆడించినా కన్నెత్తి చూడదు. రవ్వకు పిండిముద్ద చాలు. రబ్బరు ఎరకు వచ్చేది వేటాడే చేప, ముఖ్యంగా కొర్రమీను. దానికి లోతునీటి సీసపు తల అక్కరలేదు, నాచు మీద తేలే తేలికపాటి కప్పబొమ్మ చాలు.

కాని ఇక్కడ ఒక ధర్మమున్నది. తొలకరి తరువాత కొర్రమీను తల్లీతండ్రీ ఎర్రని పిల్లల గుంపును కాపలా కాస్తాయి. ఆ సమయంలో అది ఎరను పట్టేది ఆకలికి కాదు, పిల్లల మీది ప్రేమకు. అప్పుడు తల్లిని లాగితే గుంపు మొత్తం ఇతర చేపల పాలవుతుంది. ఒక పూట కూరకు వచ్చే ఏటి పంట పోగొట్టుకోవడం రైతుకు తగదు. నీటిపై ఎర్రగా పిల్లల గుంపు కనబడితే గాలం చుట్టి పక్కకు పొండి. తెగిన రబ్బరు ముక్కలను నీటిలో వదలకండి. అవి కుళ్లవు, మింగిన చేప కడుపులో అడ్డుపడతాయి.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మత్స్య సహకార సంఘం సమావేశంలో ఈ ఎరలు పంచేముందు ఆ చెరువు లోతెంత, అందులో వేసిన పిల్లలేవి అని అడిగి తెలుసుకోండి. అట్లా అడిగితే పేదవాని రూపాయి నిలుస్తుంది, చెరువులో విత్తనమూ నిలుస్తుంది.