మాఘం నుంచి చైత్రం దాకా: స్టూవర్టుపురం తీరంలో గుడిసె, పెరడు, దొరువు

కృష్ణా డెల్టా పడమటి అంచున, బాపట్లకూ చీరాలకూ నడుమనున్న తీరంలో, ఇల్లు కట్టుకోవడం, పాత ఇంటిని బాగుచేసుకోవడం చాలాకాలం పాటు మేస్త్రీకి అప్పగించే పని కాక, ఇంటిల్లిపాదీ కలిసి చేసుకునే పనిగానే సాగింది. ఆ పనికి తగిన కాలమూ ఉండేది. సంక్రాంతి నాటికి వరికుప్పలు నూర్చి ధాన్యం ఇంటికి చేర్చాక, మాఘం చివరి నుంచి చైత్రం దాకా పొలంపనులు సద్దుమణిగేవి, ఎండుగడ్డి చేతికొచ్చేది, చెరువులు అడుగంటడంతో బంకమట్టి తీయడానికి వీలయ్యేది, తొలకరికి ఇంకా గడువుండేది. ఉగాదికి ముందే గోడలు మెత్తి, అలికి, సున్నం వేసే ఆచారం వెనుక పండుగ శోభతోపాటు ఈ లెక్క కూడా ఉంది.

నడుమ నాటే నిట్రాడు, అంటే కప్పు బరువు మోసే ప్రధాన స్తంభం, దాని మీది నుంచి చూరు దాకా దిగే తాటి వాసాలు, వాసాలకు అడ్డంగా కట్టే వెదురు బద్దలు, వాటిపై వరుసలుగా పరిచి నారతో బిగించే తాటాకు: గుడిసెకు కావలసినదంతా నడిచి వెళ్లి తెచ్చుకోగలిగినంత దూరంలోనే దొరికేది. మట్టిలో తరిగిన గడ్డి కలిపి కాళ్లతో తొక్కి, ఒక వరుస ఆరిన తరువాతే మరో వరుస పెట్టేవారు కనుక, గోడ లేవడానికి ఎండ అవసరం, ఆ ఎండలో కష్టపడడానికి ఓర్పూ అవసరం.

పెరటి సేద్యానికి మాత్రం ఈ నేల అంత సులువుగా లొంగేది కాదు. తీరపు ఇసుకలో ఇంకిన వాననీరు, అడుగునున్న ఉప్పునీటికన్నా తేలిక కావడం వల్ల, దానిపై పలుచని పొరగా నిలుస్తుంది. లోతుగా తవ్వి ఎక్కువ నీరు తోడితే మంచినీటి వెంట ఉప్పునీరు కూడా పైకి వస్తుంది. ఈ సంగతి అనుభవంతో గ్రహించిన రైతులు లోతైన బావులు మాని, పై పొర నీరు మాత్రమే ఊరేలా వాలు గట్లతో వెడల్పాటి గుంటలు తవ్వుకున్నారు. వీటినే దొరువులంటారు. వాలు వెంట దిగి కుండలతో నీరు ముంచుకొచ్చి, మొక్క మొక్కకూ పోసేవారు. సొర, బీర పాదులూ తోటకూర మళ్లూ ఎండాకాలమంతా నిలిచేది ఆ నీటి మీదే. 1945లో బాపట్లలో వ్యవసాయ కళాశాల ఏర్పడింది. తరువాతి కాలంలో అక్కడి శాస్త్రజ్ఞులు నేలలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి పై పొర నీటిని మాత్రమే గుంటలోకి రప్పించే పద్ధతిని రూపొందించారు. దాని మూలసూత్రం పాత దొరువుదే కాబట్టి, ఈ తీరంలో విజ్ఞానశాస్త్రం పెరటి మనిషి దగ్గర నేర్చుకున్నదని చెప్పడం అతిశయోక్తి కాదు.

1913లో మద్రాసు ప్రభుత్వం సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికిచ్చి స్టూవర్టుపురం సెటిల్‌మెంటును నెలకొల్పినది ఇటువంటి నేలకు చేరువనే. ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరే దానికి పెట్టారు. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశాక, పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసిన ఎరుకల కుటుంబాలను ఇక్కడికి చేర్చారు. స్థిరమైన ఇల్లు, సేద్యానికి భూమి, క్రమబద్ధమైన కూలిపని ఉంటే మనిషి మారతాడన్నది నిర్వాహకుల నమ్మకం. అయితే ఆ ఇంటి మనిషి హాజరు పట్టీలో పేరు పలికించుకోవాలి, అనుమతి చీటీ లేకుండా ఊరు దాటకూడదు. కొందరికి సేద్యం దక్కగా, మరికొందరు చీరాలలోని పొగాకు కంపెనీలో కూలికి వెళ్లారు.

పనితనం నేర్పించవలసినంత వెనుకబాటు ఎరుకలలో ఉన్నదన్న భావన మాత్రం చరిత్రకు నిలవదు. వెదురు బద్దలతో తట్టలూ తడికలూ అల్లే దబ్బ ఎరుకలు, పడుగుకు గంజి పట్టించే కుంచెలను నేతగాళ్లకు చేసిచ్చే కుంచె ఎరుకలు, పశువుల వీపున ఉప్పును లోపలి ఊళ్లకు మోసిన ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు అంటూ ఆ జాతి శాఖలే వృత్తుల పేర్లతో వెలిశాయి. ఉప్పుపై ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం, 1882 నాటి మద్రాసు అటవీ చట్టంతో వెదురుకు వచ్చిన కట్టడి, 1899 నాటికి బెజవాడను మద్రాసుతో కలిపిన రైలుమార్గం ఆ బతుకుతెరువులను ఒకదాని వెంట ఒకటి దెబ్బతీశాయి. ఊరి ఇళ్లకు తడికలూ, గాదెలకు బుట్టలూ అల్లిన చేతులకు గృహనిర్మాణం తెలియదనడం అన్యాయం. వారు కోల్పోయింది నేర్పును కాదు, ముడిసరుకునూ దారినీ.

ఇక్కడికి కొద్ది మైళ్ల దూరంలోనే, అదే తరంలో, గుడిసెకు పూర్తిగా భిన్నమైన అర్థం కూడా వచ్చింది. పురపాలక పన్నులను నిరాకరించిన చీరాల, పేరాల ప్రజలు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఊళ్లు ఖాళీచేసి, పొలిమేర బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని సుమారు 11 నెలలు గడిపారు. ఒకచోట ఇల్లు మనిషిని కదలనీయకుండా కాపలా కాస్తే, మరోచోట ఇల్లు విడిచి పాక వేసుకోవడమే ధిక్కారమైంది. ఈ రెండింటినీ పక్కపక్కన చూడకుండా ఈ తీరపు గృహచరిత్ర రాయడం సగం చరిత్రే రాయడం.

మద్రాసు రాష్ట్రంలో నేరస్థ తెగల చట్టం 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. అయినా స్టూవర్టుపురం పేరుకు అంటిన మచ్చ చెరగడానికి చట్టం ఒక్కటే చాలలేదు. 1970ల నుంచి హేమలతా లవణం, లవణం దంపతులు ఇక్కడ సాగించిన సంస్కరణ కృషి బిడ్డల చదువుకూ, నిందపడిన కుటుంబాలు గౌరవంగా బతకడానికీ తోడ్పడింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమతోపాటు రేపల్లె, బాపట్ల తీరాన్నీ కుదిపేసి, వేలాది తాటాకు కప్పులను ఎగరగొట్టింది. ఆ తరువాత ప్రభుత్వ గృహనిర్మాణ పథకాల కింద పక్కా ఇళ్లు పెరిగేకొద్దీ, కప్పు నేయడం, గోడ మెత్తడం తెలిసినవారు తగ్గిపోయారు. కాంక్రీటు శ్లాబు గాలివానకు నిలిచేదే గనుక ఆ మార్పును తప్పుపట్టలేము. పెరటి పాదు మాత్రం శ్లాబుతో పోలేదు. 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలోని ఇసుక నేలల్లో ఈనాటికీ దొరువుల కింద కూరగాయల సాగు జరుగుతూనే ఉంది.