అమ్మమ్మ చేయి తగిలిన రాయి

2006 ఆగస్టులో గోదావరికి వరదలొచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. రాజోలు దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊళ్లోకి రాత్రికి రాత్రే నీళ్లొచ్చాయి. తాతగారు వైద్యం కోసం కాకినాడలో ఉన్నారు. పడవెక్కే ముందు అమ్మమ్మ దేవుడి గదిలోకి వెళ్లి సాలగ్రామాల పెట్టె తీసి కొంగులో మూటకట్టుకుంది. ఏటిగట్టు మీద రెండు రాత్రులూ ఆ మూట ఆవిడ ఒళ్లోనే ఉంది.

నీళ్లు తీశాక తాతగారు వచ్చి మొదట చేయించింది ఆ రాళ్లకు సంప్రోక్షణ. ఆడదాని చేయి తగిలింది గనక! ఆ రోజు కూడా మడినీళ్లు తోడింది, గంధం తీసింది, మహానైవేద్యం వండింది అమ్మమ్మే.

పురాణాల్లో స్త్రీలిచ్చిన శాపాల గురించి చదువుతూ, ఏళ్ల తర్వాత మళ్లీ ఆ రాళ్ల దగ్గరికే వచ్చాను.

కోనసీమ నేలంతా గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. మా ఇళ్లలో రోలూ, సన్నికల్లూ, సాలగ్రామమూ అన్నీ బయటినుంచి వచ్చినవే. సాలగ్రామమైతే నేపాల్‌లోని కాలీగండకీ నది నుంచి. ఆ ప్రాంతం ఒకప్పుడు టెథిస్ సముద్రపు అడుగు. సుమారు 15 కోట్ల ఏళ్ల కిందట అక్కడ అమ్మోనైట్లు ఉండేవి. చుట్టలు తిరిగిన గుల్ల ఉన్న ఈ ప్రాణులు ఆక్టోపస్‌కు దూరపు చుట్టాలు. అవి కూరుకుపోయిన బురద నల్లని షేల్ రాయిగా మారింది. హిమాలయాలు లేచాయి, నది ఆ రాళ్లను దొర్లించి నునుపు చేసింది. మనం చక్రమంటున్నది ఆ గుల్ల అచ్చు. కొన్నింటిలో మెరిసే బంగారు పొడ పైరైట్ అనే ఇనుప ఖనిజం.

బ్రహ్మవైవర్త పురాణం చెప్పే కథ వేరు. శంఖచూడుణ్ణి చంపడానికి అతని భార్య తులసి పాతివ్రత్యం అడ్డొచ్చింది. విష్ణువు ఆమె భర్త రూపంలో వెళ్లి మోసగించాడు. తెలుసుకున్న తులసి అతన్ని రాయైపొమ్మని శపించింది. ఆ రాయే సాలగ్రామం. ఆమె శరీరమే గండకీ నది అయింది.

మోసపోయిన స్త్రీ కోపంలోంచి పుట్టిన రాయిని స్త్రీలే ముట్టకూడదా? శాస్త్రాలన్నీ ఏకకంఠంతో కాదన్నాయా అంటే, అదీ లేదు. 16వ శతాబ్దపు హరిభక్తివిలాసం దీక్ష పొందిన స్త్రీలకు సాలగ్రామ పూజ చేసే అధికారం ఇచ్చింది. అంటే మా ఇళ్లలో ఏ మాట చెల్లాలో ఎవరో ఎంచుకున్నారన్నమాట.

కొత్తపేట వైపు వెళ్తే ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి ఉంది. ఒకే రాతిలో ముందు విష్ణువు, వెనక మోహిని. అది సాలగ్రామ శిల అంటారు. గండకీ రాళ్లు ఎక్కువగా అరచేతిలో ఇమిడేవే. నిలువెత్తు విగ్రహానికి ఆ పేరు రాతి జాతిని బట్టి కాక, గౌరవం కోసం వచ్చిందనుకుంటాను. వెనక వైపు చూపిస్తూ మోహిని కొప్పునూ, కాలి వెనక పుట్టుమచ్చనూ పద్మినీ జాతి స్త్రీ లక్షణాలుగా వర్ణిస్తారు. దేవుడే స్త్రీ అయినా ఈ కొలతలు తప్పలేదు!

తాతగారు పోయాక సాలగ్రామాలు పూజ చేసే మగవాళ్లున్న బంధువుల ఇంటికి వెళ్లాయి. వరదనాటి సంగతి అమ్మమ్మను ఒకసారి అడిగాను.

"ఇల్లు మునుగుతుంటే మైల ఎవరు చూస్తారే? నీళ్లలో పుట్టినవాడికి నా చేయే బరువైందా?" అంది.

ఆవిడ గంధపు సాన నేను తెచ్చుకున్నాను. యాభై ఏళ్ల అరగతీతకు దాని నడుమ గుంటపడింది. మా ఇంట్లో ఆడవాళ్ల చరిత్ర రాయడం అక్కణ్ణుంచే మొదలుపెట్టాలనుకుంటున్నాను.